16 తర్వాత 32 అని ఎవరన్నారు?

1, 2, 4, 8, 16… తర్వాతి సంఖ్య ఏది? ఆరో తరగతి నోట్సు నుంచి ఉద్యోగ పరీక్షల దాకా ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. 32 అని రాస్తే మార్కు పడుతుంది. 31 అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేత పడుతుంది. కొట్టివేసే ముందు మాస్టారు పిల్లవాణ్ణి ఒక మాట అడిగితే బాగుంటుంది: ఈ ఐదు సంఖ్యలూ నీకు ఎక్కడ కనిపించాయి?

ఒక వృత్తం గీయండి. దాని అంచు మీద ఒక బిందువు పెట్టండి. కలపడానికి ఇంకో బిందువు లేదు కాబట్టి వృత్తం మొత్తం ఒకటే ముక్క. రెండో బిందువు పెట్టి రెండింటినీ సరళరేఖతో, అంటే జ్యాతో, కలిపితే రెండు ముక్కలు. మూడు బిందువులు పెట్టి ప్రతి బిందువునూ మిగతా వాటితో కలిపితే నాలుగు ముక్కలు. నాలుగు బిందువులకు ఎనిమిది. ఐదు బిందువులకు పదహారు. ఇక్కడికి వచ్చేసరికి ఎవరైనా పెన్సిలు పక్కన పెట్టేసి, ఆరు బిందువులకు 32 ముక్కలు అని రాసేస్తారు. గీసి లెక్కపెడితే 31 వస్తాయి. మళ్లీ లెక్కపెట్టినా 31 వస్తాయి.

గీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. లోపల ఏ మూడు జ్యాలూ ఒకే చోట కలుసుకోకూడదు. ఆరు బిందువులనూ సమాన దూరాల్లో పెడితే మూడు వ్యాసాలూ కేంద్రంలో కలిసిపోతాయి. అప్పుడు అక్కడ ఉండవలసిన చిన్న త్రిభుజం కనిపించకుండా పోయి 30 ముక్కలే మిగులుతాయి. బిందువులను కాస్త అస్తవ్యస్తంగా పెడితే అన్ని ముక్కలూ బయటపడతాయి.

ఆ ఒక్క ముక్క ఎక్కడికి పోయిందో తెలియాలంటే ముక్కలను వేలితో లెక్కపెట్టడం మాని, అవి ఎలా పుడుతున్నాయో చూడాలి. వృత్తం మొదట ఒకటే ముక్క. కొత్తగా ఒక జ్యా గీస్తున్నాం అనుకోండి. అది పాత జ్యాను దాటిన ప్రతిసారీ ఒక ముక్కను రెండుగా చేసి ముందుకు పోతుంది. చివర అవతలి అంచును తాకినప్పుడు మరో ముక్కను చీలుస్తుంది. అంటే ప్రతి జ్యాకు ఒక ముక్క, జ్యాలు ఖండించుకున్న ప్రతి చోటుకు ఒక ముక్క చొప్పున పెరుగుతాయి. మొత్తం ముక్కలు = 1 + జ్యాల సంఖ్య + ఖండన బిందువుల సంఖ్య.

ఆరు బిందువులకు జ్యాలు ఎన్ని? ఒక్కొక్క బిందువు మిగతా ఐదింటితో కలుస్తుంది. ఆరు ఐదులు ముప్పై. ప్రతి జ్యానూ రెండుసార్లు లెక్కించాం కాబట్టి 15. ఖండన బిందువులు ఎన్ని? అంచు మీద ఏ నాలుగు బిందువులను తీసుకున్నా ఒక చతుర్భుజం వస్తుంది. దాని కర్ణాలు రెండూ ఒకే చోట ఖండించుకుంటాయి. కాబట్టి ఆరింటిలో నాలుగింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోగలమో అన్ని ఖండనలు. నాలుగింటిని ఎంచుకోవడమన్నా రెండింటిని వదిలేయడమన్నా ఒకటే కాబట్టి అది కూడా 15. 1 + 15 + 15 = 31. ఏడు బిందువులకు ఇదే లెక్కన 1 + 21 + 35 = 57 వస్తుంది. రెట్టింపులతో దానికి ఇక ఏ సంబంధమూ లేదు.

మరి మొదటి ఐదు మెట్ల దాకా రెట్టింపులు ఎందుకు వచ్చాయి? యాదృచ్ఛికం అని దాటవేయవచ్చు కానీ, అసలు కారణం అంతకంటే బాగుంటుంది. దానికి తెలుగు పీరియడ్‌లోకి ఒకసారి వెళ్లి రావాలి.

ఛందస్సులో అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. ఒక అక్షరానికి రెండు అవకాశాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. హైస్కూల్లో ‘యమాతారాజభానసలగం’ అని బట్టీ పట్టిన మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకయ్యాయి అంటే ఇదీ లెక్క. తొమ్మిదో గణం ఉండే వీలే లేదు. వాటిని గురువుల సంఖ్యను బట్టి విడదీయండి. మూడూ గురువులైనది మగణం ఒక్కటే. రెండు గురువులు ఉన్నవి య, ర, త అనే మూడు. ఒకే గురువు ఉన్నవి భ, జ, స అనే మూడు. గురువే లేనిది నగణం ఒకటి. 1, 3, 3, 1. నాలుగక్షరాలకు ఇదే పని చేస్తే 1, 4, 6, 4, 1 వస్తుంది. పింగళుని ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు ఈ వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చి చూపించాడు. దానికి మేరు ప్రస్తారం అని పేరు. ఐరోపాలో పాస్కల్ పేరు మీద ప్రసిద్ధమైన త్రిభుజం ఇదే.

మేరు ప్రస్తారంలో ఏ సంఖ్య అయినా దాని పై వరుసలో పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యల మొత్తం. అన్నిటికంటే పైన ఉండే ఒంటి 1ని మొదటి వరుసగా లెక్కిస్తే, ఐదక్షరాల వరుస ఆరోది: 1, 5, 10, 10, 5, 1. ఇప్పుడు మన ఆరు బిందువుల వృత్తాన్ని దీని పక్కన పెట్టండి. 15 జ్యాలు అంటే 5 + 10. 15 ఖండనలు అంటే 10 + 5. మొదట ఉన్న ముక్క 1. అంటే వృత్తం ఈ వరుసలోని 1, 5, 10, 10, 5 అనే మొదటి ఐదు సంఖ్యలను కూడుతోంది. చివరి 1ని వదిలేస్తోంది. పోయిన ముక్క అదే!

బిందువులు ఎన్ని ఉన్నా వృత్తం తన వరుసలో మొదటి ఐదు సంఖ్యలనే తీసుకుంటుంది, ఎందుకంటే దానికి తెలిసినవి మూడే: మొదటి ముక్క, రెండు బిందువులు కలిసే జ్యా, నాలుగు బిందువులు కలిసి పుట్టించే ఖండన. మేరువులో మొదటి ఐదు వరుసల్లో ఐదుకు మించి సంఖ్యలే లేవు కాబట్టి అక్కడిదాకా ఏదీ వదిలిపోలేదు, రెట్టింపు నిలబడింది. ఆరో వరుస నుంచి తేడా మొదలైంది. పది బిందువులు తీసుకుంటే ఒక వింత కనిపిస్తుంది. పదో వరుసలో పది సంఖ్యలు ఉంటాయి, మొదటి ఐదూ చివరి ఐదూ అద్దంలో చూసుకున్నట్టు ఒకటే, కాబట్టి ముక్కలు సరిగ్గా 512లో సగం, 256. రెట్టింపుల వరుసలోని సంఖ్య మళ్లీ ఒకసారి తొంగిచూసి పోతుంది.

రెట్టింపు ఎప్పటికీ చెడని చోట్లు కూడా ఉన్నాయి. చదరంగం గళ్ల కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లు. మొత్తం ఎన్ని? మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరిట ఈ లెక్కకు ఒక పద్యం ప్రచారంలో ఉంది. అది ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు’ అంటూ సాగుతుంది. ఒక్కో మాట ఒక్కో అంకె. శరం అంటే 5, మన్మథుడి బాణాలు ఐదు కనుక. శశి 1. రంధ్రం 9, శరీరానికి నవరంధ్రాలు కనుక. వియత్తు, గగనం అంటే ఆకాశం, అంటే 0. నగం, భూధరం, గిరి మూడూ కొండలే, 7. పద్మజాస్యం 4, బ్రహ్మ ముఖాలు. కుంజరం 8, దిక్కులు మోసే ఏనుగులు. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ రావాలి. అలా పేరిస్తే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెలు, ఒక్కటి కూడా తప్పు లేదు. కంప్యూటర్‌లో 2 ఘాతం 64 నుంచి 1 తీసేసి చూసుకోండి.

ఆ ఒకటి ఎందుకు తగ్గుతుందన్నది ఏడో తరగతి పిల్లలు తామే కనిపెట్టగలరు. పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చి మొదటి గడిలో వేయమనండి. 1, 1 కలిసి 2 అయింది, రెండో గడికి సమానం. ఆ రెండూ కలిస్తే 4, మూడో గడికి సమానం. అలా ఒకదాన్నొకటి మింగుకుంటూ పోయి చివరకు 65వ గడిలో ఉండవలసినన్ని గింజలవుతాయి. అప్పు తిరిగి ఇచ్చేస్తే ఒకటి తక్కువ. ఇక్కడ అమరిక ఎందుకు నడుస్తోందో తెలిసింది కాబట్టి 64 దగ్గరైనా, 640 దగ్గరైనా చెడుతుందేమో అన్న అనుమానం అక్కరలేదు.

కారణం కంటికి కనిపించే చోటు ఇంకోటుంది, సంక్రాంతి నెలలో వాకిట్లో. వారపత్రికల్లో ముగ్గుల పక్కన ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని రాసి ఉంటుంది. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ పోయేకొద్దీ రెండు చుక్కల సందులో ఒక చుక్క వచ్చేలా ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 దగ్గర ఆగాలి. కొందరు దీన్ని మధ్య చుక్క అంటారు. చుక్క కింద చుక్క నిలువుగా వచ్చేలా, వరుసకు రెండేసి తగ్గిస్తూ పెడితే అది సరి చుక్క.

ముందు సరి చుక్క చూద్దాం. మధ్యలో 7, పైన 5, 3, 1, కింద 5, 3, 1. మొత్తం 25. అది 5 × 5 కదా అని సరిపెట్టుకోవద్దు, చుక్కలు ఉన్నది ఐదు వరుసల చతురస్రంగా కాదు. మధ్య వరుస నుంచి పైకి 7 + 5 + 3 + 1 = 16, కింద 5 + 3 + 1 = 9. ఒకటి 4 వర్గం, ఇంకోటి 3 వర్గం. ఒకటి నుంచి వరుసగా బేసి సంఖ్యలు కూడితే వర్గం వస్తుందన్న పాఠం ఇది. కారణం కావాలంటే రెండు రంగుల ముగ్గు తీసుకుని, నిలువుకీ అడ్డానికీ పక్కపక్కన ఉన్న చుక్కలకు వేర్వేరు రంగులు వచ్చేలా చుక్కలు పెట్టండి. ఇప్పుడు తలను కాస్త వాల్చి ఏటవాలుగా చూస్తే, ఒక రంగు చుక్కలు నాలుగు వరుసల నాలుగు చుక్కల చతురస్రంగా, రెండో రంగువి దాని సందుల్లో కూర్చున్న మూడు వరుసల మూడు చుక్కల చతురస్రంగా కనిపిస్తాయి.

సందు చుక్క దీనికంటే లోతైనది. 3 నుంచి 2 వరకు పెడితే 2 + 3 + 2 = 7 చుక్కలు. 5 నుంచి 3 వరకు 19. 7 నుంచి 4 వరకు 37. ముందు ఒంటి చుక్కను కూడా చేర్చుకుంటే వరుస 1, 7, 19, 37. వీటిని ఒక్కొక్కటిగా కలుపుతూ పోండి. 1. 1 + 7 = 8. 8 + 19 = 27. 27 + 37 = 64. అన్నీ ఘనాలు! నేల మీద పరుచుకున్న షడ్భుజాలకూ పైకి లేచే ఘనాలకూ ఏమిటి చుట్టరికం?

చిన్న చిన్న ఘనాలు 64 పేర్చి 4 × 4 × 4 పెట్టె చేశామనుకోండి. ఒక మూల కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకుంటే మూడు ముఖాలు కనిపిస్తాయి. పెట్టె అంచు గీత అప్పుడు షడ్భుజంగా ఉంటుంది. కంటికి కనిపించే చిన్న ఘనాలు ఎన్ని? ఆ మూడు ముఖాల పొరను ఒలిచేస్తే లోపల మిగిలేది 3 × 3 × 3 పెట్టె, అంటే 27. కాబట్టి పొరలో ఉన్నవి 64 − 27 = 37. అవి కంటికి కనిపించే వరుసలు 4, 5, 6, 7, 6, 5, 4, అంటే అచ్చం 7 చుక్కల ముగ్గు. ఒక్కో ముగ్గూ పెట్టెకు ఒక్కో పొర. అందుకే ముగ్గులన్నీ కూడితే పెట్టె వస్తుంది. 15 నుంచి 8 వరకు పెట్టే ముగ్గులో ఎన్ని చుక్కలుంటాయో ఇప్పుడు లెక్కపెట్టనక్కరలేదు: 8 ఘనంలోంచి 7 ఘనం తీసేస్తే చాలు, 512 − 343 = 169. పత్రికల్లోని ముగ్గుల్లో ఈ సంఖ్యలన్నీ ఇలా దాగి ఉన్నాయి. గణితం పాఠ్యాంశాల్లో మాత్రం వీటికి అంత చోటు దొరకదు. ఇది నాకు అర్థం కాని విషయం.

కారణం అడగకుండా మురిసిపోయే అమరికలు ఎలా దెబ్బతింటాయో చూడాలంటే 11 × 11 = 121, 111 × 111 = 12321, 1111 × 1111 = 1234321 అన్న వరుస మంచిది. మహారాష్ట్రలోని దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ ఇలాంటి సంఖ్యలకు డెమ్లో సంఖ్యలని పేరు పెట్టాడు. అంతకు వెయ్యేళ్ల ముందే, 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను సరదాగా లెక్కల్లో పెట్టాడు. 27994681ని 441తో గుణించమంటాడు. వచ్చేది 12345654321. మంత్రంలా ఉంటుంది కానీ లోపల గుట్టు చిన్నది: 111111 = 21 × 5291. 21 వర్గం 441, 5291 వర్గం 27994681. అంటే ఆయన 111111 వర్గాన్నే రెండు ముక్కలుగా విడగొట్టి మన చేతికిచ్చాడు.

ఈ మెట్ల వరుస పది ఒకట్ల దగ్గర కూలిపోతుంది. 1111111111 వర్గం 1234567900987654321. నిలువుగా వేసి గుణిస్తే నడిమి నిలువు వరుసలో పది ఒకట్లు పడతాయి. 10 రాగానే ఒకటి పక్కకు పోతుంది, మెట్లు చెదిరిపోతాయి. తొమ్మిది దాకా మెట్లు నిలబడ్డాయంటే ఏ నిలువు వరుసలోనూ తొమ్మిదికి మించి ఒకట్లు లేవు కాబట్టి. గుణకారం చేతితో ఒక్కసారి వేసిన వాడికి ఈ సంగతి ముందే తెలిసిపోతుంది, క్యాలిక్యులేటర్ నొక్కిన వాడికి తెలియదు.

గణితవేత్త ఆయిలర్ చూపిన n² + n + 41 ఇంకా ఓపికగా మోసం చేస్తుంది. n స్థానంలో 0 నుంచి 39 దాకా ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే 1681, అంటే 41 × 41.

కాప్రేకర్ పేరు ఎత్తాం కాబట్టి ఆయన 1949లో కనుగొన్న 6174 దగ్గర కాసేపు ఆగాలి. అంకెలన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి. అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకు పేర్చిన సంఖ్యను తీసేయండి. వచ్చినదానితో మళ్లీ అదే పని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956తో మొదలుపెడితే: 9651 − 1569 = 8082. 8820 − 0288 = 8532. 8532 − 2358 = 6174. మూడు అడుగులు. ఇక 7641 − 1467 మళ్లీ 6174, అక్కడి నుంచి కదలదు. తెలంగాణ ఏర్పడిన 2014 ఇంత త్వరగా లొంగదు: 4086, 8172, 7443, 3996, 6264, 4176, 6174. ఏడు అడుగులు. ఏ సంఖ్యకైనా ఏడుకు మించి పట్టవు, కాబట్టి 2014 అత్యంత మొండి సంఖ్యల్లో ఒకటన్నమాట.

ఇలాంటివి ఎప్పటికీ చెడవని ఎలా చెప్పగలం? పదివేల దాకా సంఖ్యలన్నీ ఒక్కొక్కటే చేసి చూడాలా? అక్కరలేదు. అంకెలు పెద్ద నుంచి చిన్నకు క, ఖ, గ, ఘ అనుకోండి. వేలు, వందలు, పదులు, ఒకట్లు విడదీసి తీసివేస్తే తేడా 999 × (క − ఘ) + 90 × (ఖ − గ) అవుతుంది. అంటే ఫలితాన్ని నిర్ణయించేవి రెండే: బయటి అంకెల తేడా, లోపలి అంకెల తేడా. 2014లో అవి 4, 1. 3996 + 90 = 4086, పైన వచ్చిందే. బయటి తేడా 1 నుంచి 9 వరకు ఏదైనా కావచ్చు, లోపలి తేడా 0 నుంచి బయటి తేడా దాకా ఉండవచ్చు. కలిపి చూస్తే 2 + 3 + 4 + … + 10 = 54 జతలు. ఎన్ని వేల సంఖ్యలతో మొదలుపెట్టినా, ఒక్క అడుగు వేయగానే అందరూ ఆ 54 ఫలితాల్లో ఏదో ఒకదాని మీద నిలబడతారు. ఆ 54నూ 6174 దాకా నడిపించి చూస్తే పని పూర్తయింది, అదే నిరూపణ. తరగతిలో 27 మంది ఉంటే తలా రెండు పంచితే ఒక పీరియడ్ పని. రెండంకెలతో ఇదే ఆట ఆడితే ఒకచోట ఆగదు. 09, 81, 63, 27, 45, మళ్లీ 09 అని గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మూడంకెలకు 495 దగ్గర ఆగుతుంది.

పరిమితమైన జాబితా ఉంటే ఇలా పంచుకుని తేల్చేయవచ్చు. లేకపోతే ఏమవుతుందో జర్మన్ గణితవేత్త లోథర్ కొల్లాట్జ్ పేరు మీద 1937 నుంచి ప్రసిద్ధమైన చిక్కులో చూడవచ్చు. సంఖ్య సరి అయితే సగం చేయి, బేసి అయితే మూడు రెట్లు చేసి ఒకటి కలుపు. దేనితో మొదలుపెట్టినా చివరకు 1 దగ్గరికే చేరుతుందా? 2020 నాటికి కంప్యూటర్లు 2 ఘాతం 68 వరకు అన్ని సంఖ్యలనూ పరీక్షించాయి, అంటే మల్లన పద్యంలోని గింజల సంఖ్యకు దాదాపు పదహారు రెట్ల దూరం దాకా. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. ఆ ఆరో బిందువును చూసిన వాళ్లకు ఇది ఎంతమాత్రం చాలదు. ఇక్కడ 54 జతల వంటి తలుపు ఎవరికీ దొరకలేదు, కారణం ఎవరికీ తెలియదు.

పిల్లలకు ఈ ఆట ఇవ్వాలనుకుంటే మొదట 26 ఇవ్వండి. 13, 40, 20, 10, 5, 16, 8, 4, 2, 1 అని పది అడుగుల్లో ఇంటికి చేరుతుంది. 27 అడిగిన వాడికి మాత్రం నాలుగు తెల్ల కాగితాలు చేతిలో పెట్టండి. అది 9232 దాకా ఎక్కి దిగి, 111 అడుగులు వేస్తుంది.